గొలుసు ఎవరి చేతిలో ఉండాల?

రండి, అరుగు మీద కూర్చుందాం. ఈ పూట కుక్కల కబుర్లు. వీధి కుక్కల గురించి కాదు. వాటి సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది, పేపర్లు చాలానే రాశాయి. నేను మాట్లాడాలనుకున్నది యజమాని ఉన్న కుక్క గురించి. దానికి పేరుంటుంది, మెడకు బెల్టుంటుంది, పొద్దున పాలు, రాత్రి బొక్కలు వేళకు అందుతాయి. గొలుసు మాత్రం గేటుకు వేలాడుతూ ఉంటుంది, కుక్క వీధిలో ఉంటుంది. అలాంటిది మీ పక్కింట్లో ఉంటే ఏం చేస్తారు?

మా ఆత్మకూరులో కుక్కను పెంచేవాళ్లను తప్పు పట్టలేం. ఆత్మకూర్లు చాలా ఉన్నాయి లెండి. మాది నల్లమల అంచున ఉన్నది. మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఊరు దాటి శ్రీశైలం దారి పట్టామంటే అంతా పెద్దపులుల అడవే. కళ్లంలో ఆరబోసిన మిరపకాయలకు, చేలో పత్తికి, దొడ్లో గొర్రెలకు రాత్రిపూట కావలి కుక్కే. అడవి పంది దిగినా, చిరుత వాసన తగిలినా అదే ముందు చెబుతుంది. బైర్లూటి దిక్కు చెంచులు అడవికి పోతే కుక్క ముందు నడుస్తుంది. కొత్త మనిషిని ఆపడం, కదిలేదాన్ని తరమడం, తన హద్దులోకి ఎవర్నీ రానివ్వకపోవడం చేని దగ్గర కుక్కకు మంచి గుణాలు.

అదే గుణాలున్న కుక్కను తెచ్చి ఊరి సందులో వదిలేశాం. సందులో పోయేవాళ్లంతా దానికి కొత్తవాళ్లే. బడికి పోయే పిల్లలు, గ్యాసు సిలిండరు దించే అబ్బాయి, పాలాయన, ఉత్తరాలు తెచ్చే మనిషి, అందరూ దాని హద్దులోకి వచ్చినవాళ్లే. మా ఊరికి ఇంకో సంగతుంది. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే భక్తులు మా మీదుగానే పోతారు. ఉగాదికైతే కన్నడ సీమ నుంచి గుంపులు గుంపులుగా వస్తారు. ఇక్కడ దాటి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిలో దిగుతారు. ఎండకు ముందే నడవాలని చీకటితోనే లేస్తారు. కాళ్లకు గుడ్డలు చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని, మల్లయ్యను తలచుకుంటూ పోయే ఆ మనుషుల మీదికి ఇంటి కుక్క ఉరికితే చూడ్డానికే మనసు చివుక్కుమంటుంది. మన ఊరికి చుట్టంలాగా వచ్చినవాళ్లు కదా!

విచ్చలవిడిగా తిరిగే కుక్కల భయం అడవి జీవానికీ ఉంది. 2023 మార్చిలో మా పక్కనే కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు ఆడ పులిపిల్లలు దొరికాయి. కుక్కలు పీకేస్తాయని ఊరివాళ్లు వాటిని ఒక గదిలో పెట్టి ఫారెస్టువాళ్లకు కబురు చేశారు. తల్లిపులితో కలపడానికి వాళ్లు చాలా తంటాలు పడ్డారు, కుదరలేదు. చివరికి నాలుగింటినీ తిరుపతి జూకు తీసుకుపోయారు.

ఇక మా సందులో సంగతి. ఎదురింటి కుక్క తేనెరంగుది, రొమ్ము మీద తెల్ల మచ్చ. మీదికొచ్చే ముందు అది మొరగదు. మొరిగే కుక్క కరవదనే మాటను నమ్ముకుని మొరగని కుక్కను తేలిగ్గా తీసుకుంటాం కదా, అక్కడే ప్రమాదం. ముందు ఒళ్లంతా బిగబట్టి నిలబడుతుంది. మెడ నుంచి తోక దాకా వీపు మీద వెంట్రుకలు చీపురు పుల్లల మాదిరి లేస్తాయి. తోక నిట్టనిలువుగా లేచి కొస మాత్రం అదురుతుంది. పై పెదవి ఒక పక్క కొంచెం పైకి పోతుంది. తోక ఊపుతోంది కదా అని దగ్గరికి పోయే పిల్లల్ని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. బిగుసుకున్న ఒంటి మీద ఊగే తోక స్నేహానికి గుర్తు కాదు.

ట్యూషను నుంచి సైకిలు మీద వచ్చే ఒక బిడ్డను అది తరిమింది. బిడ్డ పడి మోచెయ్యి చీరుకుపోయింది. కరవలేదు గానీ, ఆ రోజు నుంచి ఆ పిల్ల మా సందు మానుకుని చుట్టూ తిరిగి పోతోంది. నీళ్ల బిందె మోసుకొచ్చే పెద్దమ్మ ఒకామె కూడా అంతే. కుక్క కరిస్తేనే నష్టం అనుకుంటాం. మనుషులు దారి మార్చుకోవడం నష్టం కాదా? వీధి అందరిదీ.

ఆ కుక్క యజమాని చెడ్డవాడు కాదు. ఎవరికి ఒంట్లో బాగలేకున్నా అర్ధరాత్రి ఆటో తీసే మనిషి. కుక్క మాట ఎత్తితే మాత్రం అందరు యజమానులు చెప్పేదే చెబుతాడు.

"అదేం జేయదులే అక్కా. నువ్వు ఉరుకవాకు, నిలబడు, అదే పోతాది."

"నీకేం జేయదప్పా, కూడు పెట్టే చెయ్యి నీది. బడికి పొయ్యే బిడ్డకు ఆ మాట ఎవరు చెప్పాల?"

2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. భోజనం పార్శిలు ఇవ్వడానికి మూడో అంతస్తుకు పోయిన కుర్రాడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ దూకింది. తప్పించుకోబోయి పైనుంచి కింద పడ్డాడు. నిమ్స్‌లో కొన్నాళ్లు ఉండి ప్రాణం వదిలాడు. ఇరవైమూడేళ్లవాడు. వాణ్ని చంపింది పళ్లు కాదు, భయం. "అది కరవదు" అనే మాటకు అంతకన్నా జవాబు నా దగ్గర లేదు. జాతి తప్పు అందామా? 2024 మార్చిలో కేంద్రం 23 జాతులు ప్రమాదకరమైనవంటూ వాటి పెంపకాన్ని ఆపమని రాష్ట్రాలకు రాసింది, ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మా సందులోది మాత్రం ఏ జాబితాలోనూ లేని నాటు కుక్కే. వదిలేసి పెంచితే ఏ జాతైనా ఒకటే.

ఇలాంటి మాట ఎప్పుడు ఎత్తాలో చెబుతాను. కుక్క తరిమిన నిమిషంలో, గుండె కొట్టుకుంటుండగా ఎత్తకూడదు. అప్పుడు మన నోటి నుంచి తిట్టే వస్తుంది, అవతల ఆయనకు కుక్క బిడ్డతో సమానం, దాన్ని వెనకేసుకొస్తాడు. మేము ఒక ఆదివారం పొద్దున పోయాం. నేను, సైకిలు బిడ్డ తండ్రి, సందులో అందరూ మాట వినే ఒక పెద్దాయన. కాఫీ తాగాం. కుక్కను అమ్మెయ్యమనో ఎక్కడైనా వదిలిపెట్టి రమ్మనో ఎవరం అనలేదు. మూడు మాటలు అడిగాం. గేటు కింద సందు మూయించు, వీధిలోకి తెస్తే గొలుసు నీ చేతిలో ఉండనీ, టీకా వేయించిన కార్డు చూపించు. ఇంకో మాట పెద్దాయన చెప్పాడు, నాకు బాగా నచ్చింది: "పగలంతా కట్టేసి పెట్టినావంటే ఇంకా ముదురుతాది. తెల్లారక ముందు నువ్వే దాన్ని తిప్పుకోనిరా."

నిజమే. నడక లేని కుక్క, పొద్దస్తమానం గుంజకు కట్టిన కుక్క కోపం పెంచుకుంటుంది. గేటుకు ఇనుప జాలీ వచ్చింది. తెల్లారుజామున ఆయన గొలుసు పట్టుకుని చెరువు వైపు పోతున్నాడు. అంతా తీరిపోయిందని చెప్పలేను. పెళ్లో పేరంటమో వచ్చి నలుగురు వచ్చి పోతుంటే గేటు తెరిచే ఉంటుంది, తేనెరంగు మళ్లీ వీధిలో కనిపిస్తుంది. మళ్లీ పోయి చెబుతాం. ఇరుగుపొరుగంటే మాట ఒక్కసారితో అయిపోదు కదా.

మాట వినకపోతే చట్టం ఉంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్: తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ పెద్ద గాయం గానీ కలగకుండా జాగ్రత్త పడని యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవర్ని తరిమిందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఫోటో ఉంటే ఇంకా మేలు. మున్సిపాలిటీకి, పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

ఒక్క పని మాత్రం చేయకండి. మాంసంలో గుళికల మందు కలిపి పడేసేవాళ్లు ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. ఆ ముక్క ఎవరు తింటారో పడేసినవాడికి తెలియదు. అంచు పల్లెల్లో అలా చచ్చిన కుక్కను చిరుత ఈడ్చుకుపోతే అదీ చస్తుంది. అదే న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువుకు విషం పెడితే 5 ఏళ్ల దాకా జైలు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ కుక్క చేసిన నేరం ఏముంది? నన్నయ గారి భారతం ఆదిపర్వం మొదట్లోనే ఒక తల్లికుక్క వస్తుంది, సరమ. యాగం దగ్గర ఆడుకుంటున్న తన బిడ్డను ఏ తప్పూ లేకుండా జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారని ఏకంగా రాజునే నిలదీస్తుంది. తెలుగు కావ్యాల్లో మొదటిదని చెప్పుకునే దాంట్లో ఒక కుక్క న్యాయం అడిగిందంటే నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. రాళ్లు వేసేవాళ్లకు, మందు పెట్టేవాళ్లకు ఆ కథ చెప్పండి.

కుక్క మీదికొస్తే ఏం చేయాలో ఇంట్లో పిల్లలకు నేర్పారా? ఉరకకూడదు, అరవకూడదు, కళ్లలోకి చూడకూడదు. చేతులు ఒంటికి ఆనించుకుని కదలకుండా నిలబడాలి. అది తగ్గాక వీపు చూపించకుండా మెల్లగా వెనక్కి జరగాలి. చేతిలో సంచో పుస్తకాల బ్యాగో ఉంటే అడ్డం పెట్టుకోవాలి. కింద పడితే ముడుచుకుని మెడను, చెవులను చేతులతో కప్పుకోవాలి. యజమాని "నిలబడు" అని చెప్పడం తప్పు కాదు, కానీ ఎనిమిదేళ్ల బిడ్డకు అంత గుండె నిబ్బరం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే గొలుసు పెద్దవాళ్ల చేతిలో ఉండాలంటున్నాను.

కరిచిందా, పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టకండి. కొళాయి తిప్పి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, 15 నిమిషాలంటే మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. అక్కడి నుంచి నేరుగా ప్రభుత్వాసుపత్రికి. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయింది. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత మందును మన దేశం 2004 చివర్లో ఆపేసింది. ఇప్పుడు భుజాల దగ్గర చర్మంలోకి చిన్న సూదులు, మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. చర్మం చీలి రక్తం వస్తే గాయం చుట్టూ ఇంకో మందు, ఇమ్యూనోగ్లోబ్యులిన్, కూడా వేస్తారు, అడిగి వేయించుకోండి. "ఇంటి కుక్కే కదా, పది రోజులు చూద్దాం" అని ఆగకండి. కుక్కను పది రోజులు కనిపెట్టాల్సిందే, కానీ సూది మాత్రం ఆ రోజే పడాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు.

లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లాడికి మొట్టమొదటి రేబిస్ టీకా వేయించింది 1885 జూలై 6న. ఆ తేదీనే మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. కుక్కను ప్రేమగా పెంచుకుంటున్న అన్నలారా, అక్కలారా, ఆ రోజు దాన్ని తీసుకుపోండి, కార్డు ఇంట్లో పెట్టుకోండి. ఏడాదికోసారి మళ్లీ వేయించండి. ఈ సాయంత్రం మాత్రం బయటికొచ్చి మీ గేటు గడియ పడుతోందో లేదో చూసుకోండి. పిల్లలు ట్యూషన్ల నుంచి వచ్చే వేళయింది.