కల్వకుర్తి దారిలో ఒక ఇల్లు



హైదరాబాదు నుండి శ్రీశైలము రోడ్డున కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ దాటి వెళ్లితే కల్వకుర్తి వస్తుంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనున్న ఈ పట్టణము 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నది. వాన నమ్మకము లేని నేల. జనులు బ్రతుకుదెరువుకు దూరదేశములు పోయి మట్టిపనులు చేసినందున “పాలమూరు లేబర్” అన్న పేరే నిలిచిపోయినది. ఎల్లూరు దగ్గర కృష్ణా నీళ్లు ఎత్తిపోసే కల్వకుర్తి పథకము వచ్చి కొన్ని పొలాలు పచ్చబడినవి. కాలువ అందని రైతుకు మాత్రము బోరే దిక్కు, పత్తే ఆశ.

ఆ ప్రాంతములోని ఒక పల్లెకు మేము పరామర్శకు వెళ్లాము. ఇంటి యజమాని కౌలు రైతు. ప్రాణము తీసికొని పది రోజులైనది. వేయించిన రెండు బోర్లలో నీళ్లు పడలేదు. విత్తనాలు, ఎరువులు ఉద్దెరకు తెచ్చాడు. చేబదులు నూటికి మూడు రూపాయల మిత్తి. అనగా ఏడాదికి ముప్పైయారు. పంట వస్తే అప్పిచ్చినవారికే అమ్మవలెను, ధర వారు చెప్పినదే.

“అయ్యగారూ, అప్పెంతుందో నాకు చెప్పలే. అడిగితే నీకెందుకులే అన్నడు” అని ఆ తల్లి ఏడ్చినది. 2018లో వచ్చిన రైతు బీమా, భూమి తమ పేర పట్టా ఉన్నవారికే. కౌలుదారుని ఇంటికి ఆ 5 లక్షలూ రావు.

అంతకు ముందటి ఆదివారము ఆయన గుడి బయట మాకు వందనము చెప్పాడు. “బాగున్నావా?” అన్నాము. “దేవుని దయ అయ్యగారూ” అన్నాడు. మేము మరొకరి వైపు తిరిగాము. ఆ మాట నేటికీ మమ్మును నిద్రపోనియ్యదు.

“ఆత్మహత్య పాపము కదా, సమాధి ఎట్లా చేశారు?” అని కొందరు మమ్మును అడిగారు. తీర్పు దేవునిది. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరినప్పుడు దేవుడు గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పంపించాడు.

ధనిక దేశమైన జపానుకూ ఈ శోకము తప్పలేదు. కంపెనీలు, బ్యాంకులు కూలిన తరువాత, 1998 నుండి 2011 వరకు అక్కడ ఏటా 30 వేలకు పైగా ఆత్మహత్యలు జరిగాయి. ఉద్యోగము పోయినవారు, అప్పులపాలైనవారు సిగ్గుతో నోరు విప్పలేదు. ఇది ఒక్కని బలహీనత కాదు, సమాజము మోయవలసిన భారమని 2006లో చట్టము చేశారు. అధిక వడ్డీకి 2010లో గట్టి కట్టడి వచ్చినది. ఊరూరా సలహా కేంద్రాలు పెట్టారు. 2024 నాటికి ఆ సంఖ్య సుమారు 20 వేలకు తగ్గినది. అనగా, ఇది తప్పించలేని విధివ్రాత కాదు.

కాబట్టి సహోదరులారా, అప్పు లెక్క భార్యకు చెప్పండి. పురుగుల మందు ఇంట్లో చేతికందేచోట ఉంచకండి. ప్రయత్నించి బ్రతికినవారిని కేసు భయముతో దాచకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము వారికి శిక్ష కాదు, చికిత్స కావాలంటున్నది. మనసు బరువైతే 14416కు ఫోను చేయండి. రాత్రయినా పగలైనా ఉచితముగా మాట్లాడతారు.

సంఘ పెద్దలారా, “బాగున్నావా?” అని అడిగి వెళ్లిపోకండి. రెండవసారి అడగండి. జవాబు వచ్చేవరకు ప్రక్కన కూర్చోండి. మేము ఆ ఆదివారము చేయనిది ఇదే.