ఓటు మురిగిపోతుందన్న భయం

మూడో పార్టీ నిలబడలేదంటే నాయకుడికి చేతకాలేదని తేల్చేయడం మనవాళ్లకు అలవాటు. ఇక్కడ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో నలుగురు తెలుగువాళ్లం కలిసినా అదే మాట. ఆ తీర్పు అన్యాయమని నా నమ్మకం.

2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీ ప్రకటించినప్పుడు మా శ్రీహరికోట వైపు కుర్రాళ్లకు కూడా ఒళ్లు తెలియలేదు. తీరా ఎన్నికలు దగ్గరపడ్డాక సూళ్లూరుపేటలో ఉన్న మా మామకు ఫోన్ చేస్తే, "చిరంజీవంటే నాకూ ఇష్టమే అబ్బయా. గెలిచేది ఆ రెండు పెద్ద పార్టీల్లో ఒకటే గదా, ఓటు మురగబెట్టుకోమంటావా?" అన్నాడు. అలా లెక్కేసుకున్న ఇళ్లు ఎన్నో! అయినా ఆ పార్టీకి 16 శాతం ఓట్లొచ్చాయి. సీట్లు మాత్రం 294లో 18. అదే 2009 ఎన్నికలో ఒక శాతం ఓట్లు కూడా రాని మజ్లిస్ 7 సీట్లు గెలిచింది. దాని ఓటంతా పాతబస్తీలో ఒక్కచోటే ఉంది మరి. ప్రజారాజ్యం ఓటు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంది. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా వాడిదే సీటు అనే పద్ధతిలో మూడో స్థానానికి దక్కేదేమీ లేదు. ఆ ఎన్నికలై రెండేళ్లు తిరక్కుండానే పార్టీని కాంగ్రెస్‌లో కలిపేస్తున్నట్టు చిరంజీవి ప్రకటించాడు.

జనసేననే చూడండి. 2019లో పెద్ద పార్టీలు రెండింటికీ దూరంగా నిలబడితే రాజోలు ఒక్కటే దక్కింది. 2024లో తెలుగుదేశం, బీజేపీలతో పొత్తు పెట్టుకుని పోటీచేసిన 21 చోట్లా గెలిచింది. నాయకుడు మారలేదు, మారింది పొత్తు. అమెరికాలోనూ ఇంతే. 1992 అధ్యక్ష ఎన్నికలో రెండు పెద్ద పార్టీలకూ బయట నిలబడ్డ రాస్ పెరోకు దాదాపు 19 శాతం ఓట్లొచ్చాయి, ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు.

మెయిన్‌లో మాత్రం అమెరికా కాంగ్రెస్ ఎన్నికలకు 2018 నుంచి వేరే పద్ధతి ఉంది. బ్యాలెట్ మీద ప్రతి పేరుకెదురుగా మొదటి ఎంపిక, రెండో ఎంపిక అని వరసగా గుండ్రటి గడులుంటాయి. మనసుకు నచ్చిన చిన్న పార్టీ మనిషికి మొదటిది నింపి, రెండోది పెద్ద పార్టీకి ఇవ్వచ్చు. ఎవరికీ సగం దాటకపోతే అడుగునున్నవాళ్లను తప్పించి, వాళ్ల ఓట్లను తర్వాతి ఎంపికకు కలుపుతారు. 2018లోనే ఇక్కణ్ణుంచి కాంగ్రెస్‌కు పోటీచేసిన జేరెడ్ గోల్డెన్ మొదటి లెక్కింపులో వెనకబడి, అలా కలిసొచ్చిన ఓట్లతో గట్టెక్కాడు.

మన దగ్గర ఇది కుదరదంటారు. మరి 2023 మార్చిలో తూర్పు రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో సూళ్లూరుపేట ఓటర్లు చేసిందేమిటి? పోలింగ్ సిబ్బంది ఇచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతో పేర్లకెదురుగా 1, 2 అని అంకెలు వేశారు. డిగ్రీ ఉన్నవాళ్లకు దొరికిన ఆ రెండో ఎంపిక, పులికాట్ సరస్సులో వలేసి బతికేవాళ్లకు అసెంబ్లీ ఎన్నికల్లోనూ దక్కాలి.