కార్పెట్ కింద బుడమేరు

ఉదయం తొమ్మిది దాటాక విజయవాడ ఆటోనగర్‌లో మాట వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. ఓ పక్క రేకు మీద సుత్తి దెబ్బలు. మరో పక్క వెల్డింగ్ చిటపటలు. మధ్యలో వెనక్కి వస్తున్న లారీకి దారి చూపిస్తూ 'రానీ... రానీ... హోల్డాన్' అంటూ క్లీనరు కేకలు. ఆ సందడిలోనే ఓ తెల్ల డబుల్ క్యాబిన్ పికప్ వచ్చి సీట్ కవర్ల షాపు ముందు చెట్టు నీడన ఆగింది. అందులోంచి దిగినాయన అడిగిన మొదటి మాట ధర గురించి కాదు. 'బాబాయ్, ఈ వాసన పోవాలంటే ఏం చెయ్యాలి?' అని.

ఆటోనగర్‌లో ఇలాంటి ప్రశ్నలకు సమాధానం చెప్పేవాళ్లకు కొదవలేదు. 1960లలో ఊరి అంచున వెలిసిన ఈ కాలనీని దాటుకుని నగరం ఎప్పుడో కానూరు, పోరంకి దాకా పోయింది. లారీ బాడీలు కట్టేవాళ్లు, లేత్ పనివాళ్లు, కమాను కట్టలు సరిచేసేవాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు, వెనక తలుపు మీద నెమలినీ 'సౌండ్ హారన్'నీ గీసే పెయింటర్లు... బండికి తల నుంచి కాళ్ల దాకా ఏ జబ్బు చేసినా వైద్యుడు ఏదో ఒక సందులో ఉంటాడు. సీటు పనివాళ్ల వరసకి వెళ్తే షాపుల ముందు రెగ్జిన్ చుట్టలు, మీటర్ల లెక్కన అమ్మే కార్పెట్లు, నూడుల్స్ మ్యాట్లు వేలాడుతుంటాయి. పని వాళ్లకే అప్పగించాలన్న రూలేమీ లేదు. సామాను కొనుక్కుని, ఓ పానా అరువడిగి, షాపు ముందే కూర్చుని సొంతంగా చేసుకుంటామన్నా కాదనరు. పైగా తోచిన సలహా ఒకటి ఉచితంగా పారేస్తారు!

పికప్ యజమానిది అజిత్‌సింగ్‌నగర్. వేసవిలో నున్న మార్కెట్ నుంచి మామిడికాయలు, మిగతా రోజుల్లో ఇళ్లు మారేవాళ్ల సామాన్లు తోలుతుంటాడు. బండి కొన్నదే సెకండ్ హ్యాండ్‌లో. మొదటి యజమాని ముచ్చటపడి క్యాబిన్‌లో బూడిదరంగు కార్పెట్ వేయించాడు. అదే కొంప ముంచింది.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. అంతకుముందు కురిసిన కుండపోతకు బుడమేరు పొంగింది. విజయవాడ దుఃఖదాయిని అని పెద్దలు దీన్ని ఊరికే అనలేదు. మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడి, సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ చెరువులయ్యాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్లు తియ్యలేదు. మనుషులు మేడెక్కారు. బండి మేడెక్కలేదు కదా... సీటు దాకా మునిగింది.

నీళ్లు పోయాక ఇంజిన్ విప్పించాడు, ఆయిళ్లు మార్పించాడు. బీమా ఉంది కానీ థర్డ్ పార్టీదే. ఎదుటివాడికి జరిగిన నష్టానికే తప్ప సొంత బండి మునిగితే అది పైసా ఇవ్వదు. చేతిలో డబ్బులు ఇంజిన్‌తోనే అయిపోయాయి. కార్పెట్‌ను నాలుగు రోజులు తలుపులు తెరిచి ఎండబెట్టాడు, పైన ఓ రబ్బరు మ్యాట్ పరిచాడు. కిస్తీలు ఆగవు, బండీ ఆగకూడదు. ఆ నెలలో సింగ్‌నగర్‌లో చాలామంది చేసింది అంతే.

ఏడాది దాటాక మొదలైంది అసలు గొడవ. ఏ వర్షం వచ్చినా క్యాబిన్‌లో మురుగు వాసన. వెనక సీట్లో బడికి వెళ్లే కూతురు ముక్కు మూసుకుని కూర్చునేది. ఓ రోజు క్లచ్ తొక్కుతుంటే మడమ కింద మెత్తగా, అట్టముక్కను తొక్కినట్టు అనిపించింది. మర్నాడే బండి ఆటోనగర్ దారి పట్టింది.

సీటు తీస్తే...

ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పించాడు షాపు పెద్దాయన. సీట్ల కింద వైర్లుంటాయి, వెల్డింగ్ అవసరమూ పడొచ్చు, అందుకని. సీటుకి నాలుగు బోల్టులు. మూడు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది తుప్పుతో బిగుసుకుపోయింది. పైపు తొడిగి బలం చూపించబోతే పెద్దాయన ఆపాడు. బోల్టు తల తెగిందంటే పని రెట్టింపు. కిరోసిన్ పోసి, టీ తాగొచ్చి తిప్పితే కదిలింది.

గుమ్మాల పట్టీలు, సీటు బెల్టు కింది బోల్టులు కూడా ఊడాక కార్పెట్ కదిలింది. దాని కింద ఓ జడ రబ్బరు, మూడు రూపాయి బిళ్లలు, మామిడి టెంక... వాటన్నిటి మీదా పల్చగా ఒండ్రు. కార్పెట్ పైకి పొడిగానే ఉంది. నీళ్లు తాగి కూర్చున్నది దాని కిందున్న ఫెల్ట్. శబ్దం, వేడి రాకుండా పరిచే గోనెలాంటి ఈ పొర నిజానికి అద్దుడు కాగితం. ఒకసారి తడిస్తే, పైన రబ్బరు మ్యాట్ మూత పెడితే, ఆ తేమ పోయే దారేదీ? నెలల తరబడి రేకును నానబెడుతూనే ఉంటుంది.

స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ పోయారు. ఠంగుమంటే రేకు గట్టిది. క్లచ్ కింద మాత్రం ఠంగుమనలేదు, లోపలికి దిగిపోయింది. అరచేయి వెడల్పున చిల్లు. అందులోంచి కింద మట్టి కనపడుతోంది. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఏడాదిగా కాలు పెట్టింది దాని మీదే మరి.

సీటు బిగించే చోటు, బెల్టు బోల్టు చుట్టూ తుప్పు పడితే అతుకులతో సరిపెట్టకూడదు, ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచేవి అవే. అదృష్టం, అక్కడ పైపైనే ఉంది. చిల్లు పని మాత్రం ఎదురుగా ఉన్న టింకర్‌దే. సొంత పని అంటే అన్నీ సొంతంగా చేయడం కాదు! కుళ్లిన రేకు కోసి, ఫెల్ట్ మిగులూ ఫ్యూయల్ పైపూ దగ్గర్లో లేవని చూసుకుని, కొత్త ముక్క అతికాడు. మిగతా నేలంతా యజమానే ఇనుప బ్రష్షుతో, ఎమెరీ కాగితంతో గీకాడు. రెడాక్సైడ్ పూసి, పైన నలుపు పెయింటు వేశాడు. నేల రేకులో నీళ్లు దిగడానికి కంపెనీవాళ్లే రబ్బరు బిరడాలు పెడతారు. వరద తర్వాత వాటిని ఒక్కసారి ఊడబీకి ఉంటే సగం నీళ్లు ఆనాడే పోయేవని పెద్దాయన చెబితే, ఆయన తల పట్టుకున్నాడు.

ఇక కొత్త కార్పెట్. పాతదాన్ని బోర్లించి, కొత్తదాన్నీ బోర్లించి, పైన పరిచి సుద్దముక్కతో గీత గీశారు. గీత మీద కోయకూడదు, చుట్టూ రెండంగుళాలు వదలాలి. తర్వాత ఎండలో ఆరబెట్టాలి. మధ్యాహ్నం బెజవాడ ఎండకు అరగంటలో మెత్తబడి, చెప్పినట్టు ఒంగింది. మధ్యలో గేరు దగ్గరి దిబ్బ మీద మొదట పరిచి, అక్కణ్నుంచి రెండు పక్కలకీ సర్దుకుంటూ రావాలి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యకు చేరతాయి. సీటు బోల్టుల రంధ్రాలు సూదిమొనతో వెతికి పట్టుకున్నాకే బ్లేడుకు పని. గమ్ము కూడా దిబ్బ మీద, అంచుల దగ్గరే. నేలంతా అతికిస్తే మళ్లీ ఎత్తి చూసేదెలా?

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది పెడల్స్ దగ్గర. యాక్సిలరేటర్ వెనక కార్పెట్ ఉబ్బినా, పైన వేసే మ్యాట్ జారినా పెడల్ ఇరుక్కుంటుంది. 2009లో అమెరికాలో టొయోటా సుమారు 38 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించింది మ్యాట్ల గొడవ మీదే! అందుకే ఇంజిన్ ఆపి ఉండగానే మూడు పెడల్సూ నేలదాకా తొక్కి, వదిలి, పదేసి సార్లు చూశారు. పాత రబ్బరు మ్యాట్ మళ్లీ వేస్తానంటే పెద్దాయన ఒప్పుకోలేదు.

సీట్లు బిగించేసరికి సాయంత్రం ఆరున్నర. అప్పుడు తేలింది, వెనక సీటు బెల్టు ఒకటి కార్పెట్ కిందే ఉండిపోయిందని. మళ్లీ రెండు బోల్టులు విప్పారు. నవ్వనివాళ్లు లేరు, ఆయనతో సహా.

పాత కార్పెట్‌ను ఎవరూ తీసుకోనన్నారు. తుక్కు కొనేవాళ్లు ఇనుము అయితేనే చూస్తారట. దాన్ని చుట్టి బండి వెనక పడేసుకుని ఆయన ఆటోనగర్ గేటు దాటాడు. రెండు వైపులా అద్దాలు దించే ఉన్నాయి. గమ్ము వాసన పోవడానికి ఇంకో రెండు రోజులు పడుతుందట. కూతురికి ముందే ఫోన్ చేసి చెప్పాడు.