కొన్నాం గానీ మన చేతిలో లేదు

చాలా రోజుల నుంచి రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్న సంగతి ఇది. కంప్యూటర్ ఆటల గురించి. మనకున్న సమస్యల మధ్యలో ఆటల గోల ఏటి అనుకుంటారేమో. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మేము నలుగురం. ఇద్దరిది మందస కొండల మీద, ఇద్దరిది మెళియాపుట్టి వైపు. 2018లో పలాసలో డిగ్రీ చదువుతూ కాశీబుగ్గలో ఒక గది తీసుకుని ఉండేవాళ్లం. నలుగురికీ కలిపి ఒకటే లాప్‌టాప్, అదీ సెకండ్ హ్యాండ్. ప్రాజెక్టు వర్కు, స్కాలర్‌షిప్ కాగితాలు, సినిమాలు, ఆటలు అన్నీ అందులోనే. ఆటలంటే అప్పటిదాకా పెన్‌డ్రైవే. ఎవడి దగ్గరో ఉంటుంది, మనం ఎక్కించుకుంటాం. అది దొంగ కాపీ అని తెలుసు. తప్పని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

ఒకసారి అలా ఎక్కించుకున్న ఆటతోపాటు వైరస్ కూడా ఎక్కింది. నెల రోజులు కూర్చుని చేసిన ప్రాజెక్టు మొత్తం పోయింది. ఆ రాత్రి మాలో ఒకడన్నాడు, "ఒరే, ఏసవిలో ఎలాగూ జీడి పనికి ఎల్తాం కదా. తలా కొంత ఏసుకుని ఒక్క ఆటైనా డబ్బులిచ్చి కొందాంరా. ఇది మాది అని సెప్పుకోడానికి ఒకటుండాలి." ఆ మాట అందరికీ పట్టేసింది. ఆ ఏసవిలో ఇద్దరం తోటల్లో జీడిపిక్కలు ఏరాం, ఇద్దరం పలాసలో బస్తాలు మోశాం. ఇంటికి ఇచ్చింది పోగా మిగిలినదాంతో ఒక ఫుట్‌బాల్ ఆట తెప్పించుకున్నాం.

డబ్బా వచ్చిన రోజు పండగే. లోపల ఒక డీవీడీ, కోడ్ ఉన్న ఒక చీటీ. తీరా వేసి చూస్తే డీవీడీలో ఉన్నది ఆటలో కొంతే. మిగతాది నెట్ నుంచి దించుకోవాలట. కోడ్ కొట్టాలి, అకౌంట్ తెరవాలి, కంపెనీ సర్వర్ సరే అనాలి. అప్పటి మా ఫోన్లలో రోజుకి 1.5 జీబీ డేటా. నాలుగు ఫోన్లు వంతులవారీగా హాట్‌స్పాట్ పెట్టి, రాత్రి పన్నెండు దాటాక కొత్త డేటా రాగానే లేచి, వారం రోజులకి దించాం. అయినా బాధ అనిపించలేదు. కొన్నాం కదా అనే గర్వం.

అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. వజ్రపుకొత్తూరు తీరం దగ్గర ఒడ్డెక్కిన ఆ తుఫాను ఉద్దానాన్ని ఏం చేసిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడి, పనస పడిపోయి తోటలు బోసిపోయాయి. కరెంటు లేదు, టవర్లు లేవు. మేము ఊళ్లకి నడిచెళ్లి ఇళ్ల మీద పడ్డ చెట్లు తీసి, కొన్నాళ్లకి గదికి తిరిగొచ్చాం. మాలో ఒకడి తమ్ముడు కూడా కూడా వచ్చాడు. తొమ్మిదో తరగతి. అన్నయ్యలు కొన్న ఆట చూడాలని వాడికి ఎప్పట్నుంచో ఆశ.

బజార్లో జనరేటర్ పెట్టి డబ్బులు తీసుకుని ఫోన్లు చార్జింగ్ పెడుతున్నారు. మేము లాప్‌టాప్ పట్టుకెళ్లి వరసలో నిలబడ్డాం. సాయంత్రం చీకటి గదిలో ఆట తెరిచాం. "ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వండి" అని వచ్చింది. మళ్లీ తెరిచాం. మళ్లీ అదే. కొన్ని రోజులకోసారి సర్వర్‌ని అడిగి గానీ అది తెరుచుకోదట, ఆ గడువు మేము ఊళ్లో ఉండగానే దాటిపోయింది. పక్క గదిలో కుర్రాళ్ల దగ్గర అదే ఆట, పెన్‌డ్రైవ్ కాపీ. హాయిగా ఆడుతున్నారు. తమ్ముడు కాసేపు మా తెర వైపు, కాసేపు పక్క గది వైపు చూసి, "అన్నా, మీది కొన్నదే గదా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వాడు పక్క గదికి వెళ్లి ఆడుకున్నాడు.

తర్వాత ఇది మా ఒక్కరి గోల కాదని తెలుసుకున్నాం. 2008లో 'స్పోర్' అనే ఆటని మూడుసార్లే యాక్టివేట్ చేసుకోవచ్చని కంపెనీ గీత గీసింది. కొన్నవాళ్లు అమెజాన్‌లో వేలమంది ఒక్క స్టార్ ఇచ్చి తిట్టారు, దాన్ని ఐదుకి పెంచారు. ఇంత తాళం వేసినా దొంగ కాపీలు ఆగాయా అంటే, లక్షల్లో దిగాయి. 2010 మార్చిలో కంప్యూటర్లకి వచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ 2' ఆడినంతసేపూ నెట్ ఉండాల్సిందే. విడుదలైన కొద్ది రోజులకే సర్వర్లు పడిపోయి కొన్నవాళ్లు ఆడలేకపోయారు. 2013 మార్చిలో 'సిమ్‌సిటీ'కీ అదే గతి. 2015లో విండోస్ 10 వచ్చాక సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ అనే పాత తాళాలు వేసిన ఎన్నో డిస్కులు పనిచెయ్యడం మానేశాయి. డిస్కు మీద గీత కూడా పడలేదు. పాడైంది తాళం.

2014లో వచ్చిన 'ది క్రూ' అనే కార్ల ఆట సర్వర్లని 2024 మార్చి 31న మూసేశారు. ఒక్కడే కూర్చుని ఆడుకునేవాడికి కూడా ఇక ఆట లేదు. అక్కడ నుంచే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం లేచింది. యూరప్‌లో 2025లో పది లక్షల సంతకాలు దాటాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమలు చేస్తోంది. డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు, మీరు కొంటున్నది లైసెన్సు మాత్రమే అయితే ఆ ముక్క స్పష్టంగా చెప్పాలి.

మన చట్టం కూడా చూశాం. కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అదే చట్టంలో 52వ సెక్షన్, ప్రోగ్రామ్ పాడైపోకుండా కొన్నవాడు బ్యాకప్ కాపీ చేసుకోవచ్చంటుంది. కాపీ చేసుకోవచ్చు, కానీ కాపీ చేసినా సర్వర్ సరే అనకపోతే అది తెరుచుకోదు. ఇంక ఆ హక్కు ఏం చేసుకోను?

ఆటలు చేసేవాళ్ల కష్టం మాకు తెలియంది కాదు. బస్తా మోసినోడికి కూలి ఎగ్గొడితే ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. దొంగ కాపీల వల్ల వాళ్లకి నష్టమే. కానీ తాళం దెబ్బ తగిలింది ఎవరికి? దొంగ కాపీ వాడు ఆ తాళం మొహమే చూడడు. డబ్బులిచ్చినోడే రోజూ నేను దొంగని కానని రుజువు చేసుకోవాలి.

ఇది మనకి కొత్త కాదు. కార్డు మన పేరునే ఉంటుంది, బియ్యం ఎదురుగానే ఉంటాయి. మిషన్‌కి సిగ్నల్ అందదు. డీలరు మిషన్ పట్టుకుని గుట్టెక్కితే వేలిముద్ర వెయ్యడానికి ముసలోళ్లు వెనకాల ఎక్కుతారు. మీలో చాలామంది చూసిందే. మన మంచితనానికి మనం ఉన్నచోట సాక్ష్యం చాలదు, ఎక్కడో ఉన్న యంత్రం ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం మాకు కోపం వచ్చింది ఆట పోయిందని కాదు, ఇదే గుర్తొచ్చి.

ఇంకోటి. అటవీ హక్కుల చట్టం కింద మన తాతలకి వచ్చిన పట్టా అమ్మడానికి లేదు, కానీ పిల్లలకి వస్తుంది. మేము కొన్న ఆట అమ్మడానికీ లేదు, ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. చదువు అయిపోయి గది ఖాళీ చేసినప్పుడు జూనియర్లకి ఇద్దామనుకున్నాం. కోడ్ మా అకౌంట్‌కి అతుక్కుపోయింది. ఖాళీ డబ్బా ఇంకా ఇంట్లో ఉంది.

అలాగని మళ్లీ పెన్‌డ్రైవ్‌కి పొమ్మని చెప్పడం లేదు. పోయిన ప్రాజెక్టు మేము మర్చిపోలేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కష్టపడిన డబ్బు పెట్టేముందు నాలుగు విషయాలు చూసుకోండి. నెట్ లేకుండా తెరుచుకుంటుందా? ఎన్ని రోజులు? ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు? కంపెనీ సర్వర్ మూసేస్తే ఏటి గతి? జీఓజీ అనే దుకాణం 2008 నుంచి తాళం లేని ఆటలు అమ్ముతోంది. ఇన్‌స్టాలర్ దించుకుని మన హార్డ్‌డిస్కులో దాచుకుంటే, తర్వాత ఒంటరి ఆటకి ఎవరినీ అడగక్కర్లేదు. పాతవైనా మంచి ఆటలున్నాయి.

తర్వాత మేము కొన్నవి అలాంటివే, రెండు. ఆ పాత లాప్‌టాప్ ఇప్పుడు మందస కొండ మీద ఇంట్లోనే ఉంది. ఆ తమ్ముడు టెక్కలిలో చదువుకుంటున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు తెరుస్తాడు. అక్కడ ఇప్పటికీ సిగ్నల్ సరిగా అందదు. ఆట మాత్రం తెరుచుకుంటుంది.