కింద గది ఉందాండీ?

ఊరెళ్లేముందు మనం సర్దుకునే సామాను రెండు రకాలు. సూట్‌కేసులో పట్టేది ఒకటి, పట్టనిది ఒకటి. మోకాళ్ల నొప్పి, రాత్రిళ్లు నాలుగుసార్లు లేవాల్సిరావడం, తూర్పు వైపు తల పెడితే తప్ప కునుకు పట్టని అలవాటు, చీర ఉయ్యాల లేకపోతే నిద్రపోని చంటిది... ఇవన్నీ మనతోపాటే బయల్దేరతాయి. దిగేది ఎంత పెద్ద రిసార్టయినా సరే, రిసెప్షన్ బల్ల దగ్గర మొట్టమొదట విప్పాల్సింది ఈ రెండో మూటే.

ఏ దసరా సెలవుల్లోనో రిసార్టు లాబీలో ఓ అరగంట కూర్చుని చూడండి. మంచి కాలక్షేపం. ఒకాయన సెల్‌ఫోన్లో దిక్సూచి పెట్టుకుని, మంచం తల ఉత్తరానికి ఉందేమోనని గదంతా తిరిగొచ్చి, మార్చమంటాడు. ఇంకొకావిడ గది నంబరులోని అంకెలు కూడి, 'ఎనిమిదొచ్చింది, వద్దు' అంటుంది. కొత్తగా పెళ్లయిన జంటకి విడివిడిగా రెండు మంచాలున్న గది వస్తుంది. రిటైరైన ఇద్దరు స్నేహితులకేమో గులాబీ రేకులు చల్లిన ఒకే మంచం! బామ్మగారికి ఇండియన్ టాయిలెట్ కావాలి, తాతగారికి వెస్ట్రన్. తెల్లారగట్ల నాలుగింటికి వేడినీళ్లు, బాత్‌రూంలో బకెట్టూ మగ్గూ, వంటగది వాసన రాని వైపు గది, లిఫ్టు చప్పుడు వినపడని మూల... అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు.

ఇది మనవాళ్ల చాదస్తమే అనుకోకండి. పడమటి దేశాల్లో చాలా హోటళ్లకి 13వ అంతస్తే ఉండదు. 12 తర్వాత 14 అని రాసేస్తారు. చైనావాళ్లకి 4తో పేచీ. వాళ్ల భాషలో ఆ అంకెని పలికితే చావు అన్న మాటలా వినిపిస్తుందట. ఏ దేశమైనా గది దగ్గరికొచ్చేసరికి మనిషి మనిషే!

వింటుంటే నవ్వొస్తుంది. కానీ ఇదే వరసలో నవ్వుకోలేని కోరికలు కూడా నిలబడి ఉంటాయి. మెట్లెక్కలేని కాళ్లు, రాత్రిపూట గోడ పట్టుకుంటే తప్ప బాత్‌రూందాకా వెళ్లలేని నడక, ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్. సరదాగా అడిగేదీ, గతిలేక అడిగేదీ ఒకే గూట్లో పడతాయి. దానిపేరు 'స్పెషల్ రిక్వెస్ట్'. చిక్కంతా అక్కడే.

గది కాదు, రకం

మా పిన్ని కొడుకు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి పన్నెండేళ్లుగా ఫ్రంటాఫీసుల్లో పనిచేస్తున్నాడు. పండక్కి వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను, 'అసలు మేం చెప్పిన మాట మీ దగ్గర ఏమవుతుందిరా?' అని.

'అక్కా, మీరు బుక్ చేసుకునేది గదిని కాదు, గది రకాన్ని' అన్నాడు మొదటగా. డీలక్స్ అని డబ్బు కడితే డీలక్సుల్లో ఏదో ఒకటి మనది. సముద్రం కనిపించే గదికి విడిగా ధర ఉంటే, అది కట్టినవాళ్లకి దాన్ని ఇచ్చి తీరాలి. డబ్బు కట్టకుండా అడిగినదంతా 'వీలుంటే' కిందికే వస్తుంది. నంబరు మాత్రం చాలాచోట్ల ముందురోజు రాత్రో, దిగే రోజు పొద్దున్నో వేస్తారు. మర్నాడు దిగేవాళ్ల జాబితా తీసి, ఏ గది ఖాళీ అవుతుంది, ఏది రిపేర్లో ఉంది, ఏది శుభ్రం చెయ్యాలి అని హౌస్‌కీపింగ్ వాళ్లతో సరిచూసుకుంటారు.

చెకౌట్ పదకొండింటికి, చెకిన్ రెండింటికి అనుకుందాం. మధ్యలో ఉన్నవి మూడు గంటలు. ఆలోగా దుప్పట్లు మారాలి, బాత్‌రూములు కడగాలి, నిన్నటివాళ్లు వదిలేసిన చెత్త ఎత్తాలి. పిల్లలున్న కుటుంబం ఖాళీ చేసిన గదికి ఒక్కోసారి గంట పడుతుంది. మనం అడిగిన గదిలో ఉన్నాయన 'ఇంకో గంటాగి వెళ్తా' అన్నాడంటే మన చీటీ గాల్లో కలిసినట్టే.

నంబర్లు వేయడానికీ ఓ వరస ఉంటుందట. ఏటా వచ్చేవాళ్లు, పెద్దవాళ్లు ఫోన్ చేయించినవాళ్లు, గుంపుగా వచ్చేవాళ్లు, ఎక్కువ రోజులుండేవాళ్లు ముందు. మిగిలినవాటిలోంచే మన కోరికలు తీరాలి. 'అయితే వయసనో, జబ్బనో స్పష్టంగా రాసి ఉంటే మంచి మేనేజరు దాన్ని పైకి లాగుతాడక్కా. రాసి ఉంటే!' అని ఆ చివరి మాటని నొక్కి చెప్పాడు. ట్రావెల్ వెబ్‌సైట్లో బుక్ చేస్తే మనం టైపు చేసిన వాక్యం ఓ నోటులా హోటలుకి వెళ్తుంది. దాన్ని ఎవరో ఒకరు తెరిచి చదవాలి. డబ్బు చేరినంత నమ్మకంగా మాట చేరదన్నమాట.

పెళ్లివారొచ్చారు

వాడి మాటలు నాకు బాగా అర్థమవడానికి కారణం ఉంది. 2024 ఫిబ్రవరిలో మా ఇంటిల్లిపాదీ బంగాళాఖాతం ఒడ్డున ఓ రిసార్టుకి వెళ్లాం. పేరెందుకు లెండి. మాఘమాసం, ముహూర్తాల రోజులు.

మా మావయ్యగారికి అప్పటికి 74 ఏళ్లు. జిల్లాపరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చి తగ్గింది. ఎడమకాలు కాస్త ఈడుస్తారు. చేతికర్ర ఉంది కానీ, నలుగురిలో దాన్ని వాడటం ఇష్టం ఉండదు. అందుకే బుక్ చేసినప్పుడే ఫోన్లో చెప్పాను. 'పెద్దాయనకి పక్షవాతం వచ్చి తగ్గింది, మెట్లు ఎక్కలేరు, కింద గది కావాలి' అని మెయిల్ పెట్టాను. ముందురోజు మళ్లీ ఫోన్ చేశాను. మూడుసార్లూ ఒకటే జవాబు: 'నోట్ చేసుకున్నాం మేడం'.

మేం చేరేసరికి రెండున్నర. లాబీ నిండా పట్టుచీరలు, బయట బ్యాండు మేళం. రిసెప్షన్లో కుర్రాడు నవ్వుతూ, 'కింద గదులన్నీ పెళ్లివాళ్లకి ఇచ్చేశాం మేడం. మీకు ఫస్ట్‌ఫ్లోర్లో సీ వ్యూకి అప్‌గ్రేడ్ చేశాం' అన్నాడు. లిఫ్టు లేదు. మేం అడగని సముద్రాన్ని ఉచితంగా ఇచ్చి, అడిగిన నేలని ఇవ్వలేదు!

నేను మెయిల్ సంగతి ఎత్తగానే, ఆ అబ్బాయి బ్యాండు హోరులో గొంతు పెంచి, 'సార్‌కి ఏమైంది మేడం? నడవలేరా?' అన్నాడు. దురుద్దేశమేమీ లేదు. సాయం చేద్దామనే అడిగాడు. కానీ ఆ ప్రశ్నకి పక్కనున్న పెళ్లివాళ్లు కూడా తలలు తిప్పి చూశారు.

మావయ్యగారు నడుము నిటారు చేశారు. కర్రని మా బాబు చేతికిచ్చేశారు. 'నాకేమైంది? ఏమీ కాలేదు. ఏ గదైనా ఫర్వాలేదమ్మాయ్, పదండి' అంటూ మెట్లవైపు నడిచారు. మావారు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. ఇరవై రెండు మెట్లు. లెక్కపెట్టాను. మధ్యలో మలుపు దగ్గర ఆగి, రెయిలింగు గట్టిగా పట్టుకుని, 'సముద్రం ఇక్కణ్నుంచి బాగా కనిపిస్తోందిరా' అన్నారు. అక్కణ్నుంచి కనిపించేది నీళ్ల ట్యాంకు. మేం ఎవరం మాట్లాడలేదు. అత్తయ్య మాత్రం 'అవునండీ, బాగుంది' అన్నారు.

స్టూలు పిల్లల కోసం

సాయంత్రం తువాళ్లివ్వడానికి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. మావయ్యగారు గోడ పట్టుకుని బాత్‌రూంలోకి వెళ్లడం చూసింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పావుగంటలో ఓ ప్లాస్టిక్ స్టూలు, రబ్బరు మ్యాటు పట్టుకొచ్చింది. 'పిల్లల స్నానానికి తెచ్చానండి. పెద్దాయనకి అడ్డమైతే చెప్పండి, తీసేస్తా' అంది. మంచాన్ని కుర్రాడితో కాస్త జరిపించి, ఆయన కుడిచెయ్యి గోడకి అందేలా పెట్టించింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నాతో మెల్లగా, 'రాత్రికి బాత్‌రూం లైటు ఆర్పకండమ్మా. తలుపు ఓరగా వేసి ఉంచండి. మా నాన్న కూడా ఇలాగే' అంది.

ఆ స్టూలు మీద మా పిల్లలెవరూ కూర్చోలేదు. అది ఆవిడకీ తెలుసు, మావయ్యగారికీ తెలుసు. మర్నాడు పెళ్లివాళ్లలో ఒక కుటుంబం ఖాళీ చెయ్యగానే ఆవిడే కిందికి కబురుచేసి మా గది మార్పించింది.

వచ్చేసేటప్పుడు బిల్లు కడుతూ, మేం చెప్పింది అసలు రాసుకున్నారా అని మేనేజర్ని అడిగాను. ఆయన కంప్యూటరు తెర నావైపు తిప్పాడు. రాసుకున్నారు! 'గ్రౌండ్ ఫ్లోర్ ప్రిఫర్డ్' అని ఉంది. పక్షవాతం లేదు, మెట్లు ఎక్కలేరన్న మాట లేదు. కింది గదైతే ఇష్టపడతారట, అంతే. నా మూడు వాక్యాలూ ఓ ఇష్టంగా మారిపోయాయి. గులాబీ రేకుల పక్కన అదొక గులాబీ రేకు.

అక్కడ గది పక్కన పెడతారు

మన దగ్గర నిబంధనలు లేకపోలేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, జనం వచ్చిపోయే భవనాలు ప్రైవేటువైనా సరే వాళ్లకి అనువుగా ఉండాలి. స్టార్ హోదా కావాలనుకునే హోటల్లో దివ్యాంగులకి తగిన గది ఉండాలని కేంద్ర పర్యాటక శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. చక్రాల కుర్చీ పట్టేంత తలుపు, బాత్‌రూంలో పట్టుకోవడానికి కడ్డీలు లాంటివి. అయితే స్టార్ హోదా తీసుకోవడం హోటలు ఇష్టం. చిన్నాచితకా రిసార్టులు చాలావరకు ఆ జోలికే పోవు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే మన పెద్దవాళ్లకి ఇంకో సంగతి పనికొస్తుంది. అక్కడ 2012 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, దివ్యాంగులకి అనువైన గదిని ఎవరైనా బుక్ చేసుకుంటే హోటలు ఆ గదిని తన బుకింగుల జాబితాలన్నింటిలోంచి తీసేసి, వాళ్లకోసమే అట్టిపెట్టాలి. 'వీలుంటే' అనడానికి లేదు.

కానీ మా మావయ్యగారిలాంటివాళ్లని ఏ జాబితాలో వెయ్యాలి? ఆయన దివ్యాంగుల గది అడగరు. అడిగితే తనని తాను అలా ఒప్పుకున్నట్టని బాధ. మన ఇళ్లలో అరవై దాటిన చాలామంది సంగతి ఇంతే. నడవలేరని కాదు, నడవగలిగినట్టు కనిపించాలని.

ఇలా అడిగి చూడండి

మా తమ్ముడు చెప్పినవీ, మేం తెలుసుకున్నవీ కలిపి నాలుగు మాటలు. 'గ్రౌండ్ ఫ్లోర్' అనకండి, 'ఒక్క మెట్టు కూడా ఉండకూడదు' అనండి. సముద్రం ఒడ్డున కాటేజీలు ఎత్తు అరుగు మీద కడతారు. మాకు మార్చి ఇచ్చిన కింది గదికి కూడా వరండా ముందు మూడు మెట్లున్నాయి. కావలసింది ఒకటే అయితే ఒకటే చెప్పండి. పది కోరికల చిట్టాలో మెట్ల సంగతి ఏడోదైతే దానికి ఏడోదానికిచ్చే విలువే వస్తుంది.

'నోట్ చేసుకున్నారా?' అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. 'గది నంబరు బ్లాక్ చేశారా, ఎంత?' అనడగండి. ఇప్పుడే చెప్పలేమంటే ఎప్పుడు చెబుతారో కనుక్కుని అప్పుడు ఫోన్ చెయ్యండి. ఆ తేదీల్లో పెళ్లి ఉందా అని కూడా అడగాలి. కింది గదులకి మొదటి గిరాకీ పెళ్లివారి తరఫు పెద్దవాళ్లదే, వాళ్ల మోకాళ్లూ మోకాళ్లే కదా! ఇక రిసెప్షన్ దగ్గరికి ఒక్కరే వెళ్లండి. పెద్దవాళ్లని కాస్త దూరంగా కుర్చీలో కూర్చోబెట్టండి. వాళ్ల ఆరోగ్యం గురించి లాబీ అంతటికీ తెలియనక్కర్లేదు.

రిసార్టుల వాళ్లకీ ఓ మాట. సరదాకి ఓ గడి, అవసరానికి ఓ గడి విడిగా పెడితే పోయేదేం లేదు. గడప దాటి వచ్చినవాళ్లని 'ఏమైంది?' అని అడగొద్దు. 'ఏం కావాలి?' అంటే చాలు. ఆ సూపర్‌వైజరు అదీ అడగలేదనుకోండి, చూసి తెలుసుకుంది. అది అందరికీ రాదు. అడగడం మాత్రం నేర్పితే వస్తుంది.

మొన్న మావయ్యగారు అరకు వెళ్దామన్నారు. బుకింగుకి నేను ఫోన్ తియ్యబోతే, 'ఇలా ఇవ్వు' అని తీసుకున్నారు. అవతల ఎత్తగానే క్లాసులో హాజరు పిలిచే గొంతుతో, 'బాబూ, నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. పక్షవాతం వచ్చి తగ్గింది. మెట్లు ఎక్కలేను. గది నంబరు చెప్పు, రాసుకుంటాను' అన్నారు.

అవతలి కుర్రాడు ఓ నిమిషం ఆగమని, నంబరు చెప్పాడు. మావయ్యగారు దాన్ని రెండుసార్లు అతనిచేత చెప్పించి, డైరీలో రాసుకున్నారు.