ఏ గర్బర్లు వెళ్లాయి?

జనవరి 18, 2025, రాజాం
సంక్రాంతికి ఊళ్లెళ్లిన పిల్లలు వచ్చేశారు. పలాస జీడిపప్పు ఆరబెట్టే గదికి ఉష్ణోగ్రతని చూసే సర్క్యూట్ బోర్డు చేస్తున్న బ్యాచ్ ల్యాప్‌టాప్ తెరిచారు. తయారీకి పంపే బోర్డు ఫైళ్లు, అంటే గర్బర్లు, ఉన్న ఫోల్డర్లు: ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘సార్ మార్పులు’, ‘ఇదే ఫైనల్’.
“ఏటమ్మా, తయారీకి ఏ గర్బర్లు వెళ్లాయి?”
“అదే సార్, చూడాలి...”

జనవరి 24
బోర్డులు వచ్చాయి. స్కీమాటిక్ పీడీఎఫ్‌లో రిలే కాయిల్‌కి డయోడ్ ఉంది, బోర్డు మీద లేదు. పీడీఎఫ్ కొత్తది, గర్బర్లు పాతవి. పిల్లల్ని తిట్టి లాభం లేదు. మార్పు చేసిన ప్రతిసారీ పీడీఎఫ్, గర్బర్లు, డ్రిల్ ఫైలు, విడిభాగాల జాబితా అన్నీ మెనూల్లోకి వెళ్లి చేత్తో తీస్తుంటే ఏదో ఒకటి మర్చిపోతారు.

జనవరి 29
అందుకే ఫోల్డర్లు ఇలా విడగొట్టాం. మనం గీసినవన్నీ ‘సోర్స్’లోకి: స్కీమాటిక్, బోర్డు, సింబల్స్, ఫుట్‌ప్రింట్లు. వాటి నుంచి పుట్టేవన్నీ ‘బిల్డ్’లోకి. బిల్డ్ మొత్తం డిలీట్ చేసినా నష్టం ఉండకూడదు. అందుకే మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి అది వెళ్లదు. తయారీకి పంపిన రోజు మాత్రం గిట్‌లో ట్యాగ్ వేసి, పంపిన జిప్ ఫైలు విడిగా దాచాలి. డేటాషీట్లూ దాచాలి, వెబ్‌సైట్ల నుంచి చెప్పకుండా మాయమవుతాయి.

ఫిబ్రవరి 4, రథసప్తమి
సగం మంది అరసవల్లిలో. ఉన్నవాళ్లకి మేక్ నేర్పాను. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన పనిముట్టు, ఇప్పటికీ పనికొస్తోంది. సోర్స్ ఫైలు మారిందంటే దాని మీద ఆధారపడ్డవాటినే మళ్లీ తయారుచేస్తుంది. మేం బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో 7వ వెర్షన్ నుంచి గర్బర్లు కమాండ్‌తో తీయొచ్చు, 8 నుంచి డీఆర్‌సీ (డిజైన్ నియమాల తనిఖీ) కూడా. గర్బర్ల కంటే ముందు డీఆర్‌సీ పెట్టాం. తప్పులుంటే ఆగిపొమ్మని దానికి ఒక ఆప్షన్ ఇవ్వాలి, లేదంటే రిపోర్టు రాసేసి ముందుకు పోతుంది. ఒకమ్మాయి కావాలనే రెండు ట్రాకుల్ని ఆనించి నడిపింది. మేక్ అక్కడే ఆగింది, గర్బర్లు రాలేదు. ఆ పిల్ల మొహంలో సంతోషం చూడాలి!

ఫిబ్రవరి 22
మొన్న 20న కీక్యాడ్ 9 వచ్చింది. అందులో జాబ్‌సెట్లున్నాయి: ఏమేం తీయాలో ఒకసారి రాసిపెడితే అన్నీ కలిపి తీసేస్తుంది. మేక్ అంటే బెదిరేవాళ్లకి ఇది చాలు. కానీ 9లో సేవ్ చేసిన ఫైలు 8లో తెరుచుకోదు. సెమిస్టర్ అయ్యేదాకా అందరూ 8లోనే ఉండమన్నాను.

మార్చి 3
ప్రాజెక్టులు చూసే తోటి మాస్టార్లకి నా మనవి ఒక్కటే. బోర్డు వెలిగిందా లేదా అని చూసే ముందు, వేరే కంప్యూటర్‌లో ఆ ప్రాజెక్టు దించి, ఒక్క కమాండ్‌తో గర్బర్లు తీసి చూపించమనండి. దానికీ మార్కులు వేయండి.