కోట్లు, గుద్దులు, మన సంఘం మేడ



మన సంఘం మేడమీది హాలును పొద్దున రెండు గంటలు బాక్సింగ్ నేర్చుకునే పిల్లలకు ఇవ్వాలా వద్దా అన్న విషయం వచ్చే ఆదివారం మీటింగుకు వస్తోంది. గ్రూపులో వారం నుంచి రాతలు నడుస్తున్నాయి. ఒకరు "తాలీములు ఉండగా ఈ గుద్దులాట ఎందుకు" అన్నారు. ఇంకొకరు "ఆడపిల్లల ముక్కు పగిలితే సంబంధం ఎవరు తెస్తారు" అన్నారు. అర్జీ పెట్టిన పిల్లల్లో ఒకడు మొన్న అశోక్ చౌక్‌లో చాయ్ దగ్గర నన్ను ఆపి, "తాతా, ప్రొఫెషనల్ అయితే కోట్లు వస్తయట గదా" అన్నాడు. తండ్రి టవల్ కార్ఖానాలో మజూరీ, తల్లి బీడీలు చుడుతుంది. మిగతా మాటలకన్నా ఈ పిల్లవాడి మాటే నన్ను ఈ రాతకు కూర్చోబెట్టింది.

డబ్బుకు కొట్టుకోవడం పాత వ్యాపారమే. ఇంగ్లండులో 1743లో జాక్ బ్రౌటన్ అనే ఆయన మొదటి నియమాలు రాశాడు. కింద పడ్డవాణ్ణి కొట్టకూడదన్నది అందులోదే. చేతికి తొడుగులు లేవు. మనిషి లేవలేకపోయేదాకా పోటీ సాగేది. 1889లో అమెరికాలో జాన్ సలివన్, జేక్ కిల్‌రెయిన్ మండుటెండలో ఒట్టి చేతులతో 75 రౌండ్లు కొట్టుకున్నారు. గ్లవ్స్, మూడు నిమిషాల రౌండు, పది లెక్కపెట్టడం క్వీన్స్‌బెర్రీ నియమాలతో 1867లోనే వచ్చినా, పెద్ద పోటీల్లో కుదురుకోవడానికి పాతికేళ్ళు పట్టింది. 1892లో న్యూ ఆర్లియన్స్‌లో అదే సలివన్ గ్లవ్స్ తొడుక్కుని జిమ్ కార్బెట్ చేతిలో 21వ రౌండులో పడిపోయాడు. ఇప్పుడు టీవీలో చూసే ఆట అక్కణ్ణుంచి మొదలైందనుకోవచ్చు.

తర్వాతి పేర్లు చాలా ఉన్నాయి. 1908లో సిడ్నీలో గెలిచిన జాక్ జాన్సన్ హెవీవెయిట్ ఛాంపియన్ అయిన మొదటి నల్లజాతి మనిషి. 1910లో ఆయన జెఫ్రీస్‌ను ఓడించిన రాత్రి అమెరికా ఊళ్ళలో అల్లర్లు జరిగి మనుషులు చచ్చిపోయారు. రాకీ మార్సియానో 49 పోటీలు ఆడి 49 గెలిచి, 1956లో తప్పుకున్నాడు. ఫిలిప్పీన్స్ పకియావో ఎనిమిది బరువుల్లో టైటిళ్ళు గెలిచాడు. వీళ్ళందరి లెక్కలు పిల్లల ఫోన్లలో ఉంటాయి, నేను రాయనక్కరలేదు.

జో లూయీ సంగతి మాత్రం పిల్లలు వినాలి. 1937 నుంచి 1949 దాకా ఆయనే ఛాంపియన్. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1938లో జర్మనీ ష్మెలింగ్‌ను రెండు నిమిషాల నాలుగు సెకన్లలో ముగించాడు. యుద్ధం వచ్చినప్పుడు రెండు పోటీల సంపాదన సైన్యం, నౌకాదళాల సహాయ నిధులకు ఇచ్చేశాడు. చివరికి పన్ను శాఖ బాకీ ఆయన నెత్తిన పడింది. అది తీర్చడానికి వయసు దాటాక మళ్ళీ రింగులోకి దిగి, 1951లో మార్సియానో చేతిలో తాళ్ళ అవతల పడ్డాడు. ఆఖరి ఏళ్ళలో లాస్ వేగాస్ కాసినోలో వచ్చేవాళ్ళకు చేయి కలిపి పలకరించే ఉద్యోగం. మన పాత నేతగాళ్ళకు ఇది విప్పి చెప్పాలా? నూలు సేటుది, మగ్గం సేటుది, అమ్మకం సేటుది, చేతులొక్కటే మనవి. బాక్సర్‌కు ఆ చేతులతో పాటు తలకాయ కూడా పెట్టుబడే.

నేను పెరిగింది ఉత్తర మద్రాసులో. మా నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపు మనిషి, నా చదువు తమిళ మీడియం, తెలుగు అక్షరాలు అమ్మ నేర్పినవి. అక్కడ బాక్సింగ్‌ను 'కుత్తుచ్చండై' అంటారు. తెల్లవాళ్ళ కాలంలో రేవు పక్కన పుట్టిన ఆట. సార్పట్టా పరంపర, ఇడియప్ప నాయకర్ పరంపర అని వాడలవారీగా గురుకులాల్లాంటివి ఉండేవి. 2021లో వచ్చిన పా. రంజిత్ సినిమా దాని మీదే. ఇక్కడ కుస్తీ ఎలాగో అక్కడ ఇదలాగ. రేవులో మూటలు మోసేవాళ్ళు, వర్క్‌షాపు కూలీలు టికెట్టు కొని చూసేవారు. గెలిచినవాణ్ణి భుజాల మీద ఊరేగించేవారు. మర్నాడు వాడు మళ్ళీ మూట మోయడానికే పోయేవాడు. టికెట్టు డబ్బులో వాడి చేతికి ఎంత వచ్చేదో పేటలో అందరికీ తెలుసు.

1980 మొదట్లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ. ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. కూడా వచ్చారు. మా అన్నయ్య స్నేహితుడి పుణ్యాన గ్యాలరీలో చివరి వరుసల్లో నాకూ చోటు దొరికింది. అంత దూరం నుంచి అలీ బొటనవేలంత కనిపించాడు. అయినా ఆయన కాళ్ళు కదిలితే స్టేడియమంతా ఊగింది. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో టైటిల్ పోగొట్టుకున్నవాడు, 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టినవాడు, 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో ప్రాణం మీదికి తెచ్చుకుని గెలిచినవాడు. నా కళ్ళకు దేవుడిలాగే ఉన్నాడు.

అప్పటికి ఆయన రిటైరయి ఉన్నాడు. అదే సంవత్సరం అక్టోబరులో మళ్ళీ డబ్బు పోటీకి దిగాడు. 38 ఏళ్ళు. ల్యారీ హోమ్స్ పది రౌండ్లు కొట్టాక, ఇక చాలని ఆయన మనుషులే పోటీ ఆపించారు. పేపర్లో ఆ ఫోటో చూసి మా నాన్న పేపరు మడిచి పెట్టేశారు. 1984లో అలీకి పార్కిన్సన్స్ అని చెప్పారు. గుద్దుల వల్లనేనని డాక్టర్లందరూ ఒక్కమాటగా అనరు. కానీ తలమీద దెబ్బలు తిన్న బాక్సర్ల మెదడు చెడుతుందని 1928లోనే మార్ట్‌లాండ్ అనే అమెరికా డాక్టరు రాశాడు. 1982లో కొరియా కుర్రాడు కిమ్ డుక్ కూ 14వ రౌండులో పడి, కొన్ని రోజులకు చనిపోయాకే 15 రౌండ్ల టైటిల్ పోటీలు 12కు తగ్గాయి.

ఇదంతా చదివి, "అయితే హాలు ఇవ్వొద్దంటావా" అని అడుగుతారు. ఇవ్వాలనే అంటాను. ఆ పిల్లలు నేర్చుకునేది, ఆ కుర్రాడు కలగనేది ఒకటి కావు. అమెచ్యూర్ పోటీ అంటే మూడు మూడు నిమిషాల మూడు రౌండ్లు. ఆడపిల్లలకు తలకు గార్డు ఉంటుంది. దెబ్బ గట్టిగా తగిలితే రిఫరీ త్వరగా ఆపుతాడు. మనలో చాలామంది పెద్దల ఊళ్ళు తెలంగాణలోవే కదా, నిజామాబాదు ఎంత దూరం? అక్కడి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. నిక్కరు వేసుకుని ఆడపిల్ల కొట్లాడటమేమిటని ఆమె తండ్రినీ బంధువులు అడిగారు. ఇప్పుడు ఆ అమ్మాయి తెలంగాణ పోలీసులో డీఎస్పీ. ఆమెకు మొదట్లో నేర్పిన కోచ్ గారి కొడుకు హుసాముద్దీన్ సైన్యంలో ఉంటూ కామన్వెల్త్ పతకాలు తెచ్చాడు.

రైల్వే మనిషిగా నాకు తెలిసిన లెక్క ఇదే. రైల్వేలో, సైన్యంలో, పోలీసులో స్పోర్ట్స్ కోటా ఉంది. మా ఆఫీసులో ఒక బాక్సర్ ఆ కోటాలో గుమాస్తాగా చేరి, పీఎఫ్, పెన్షన్‌తో రిటైరయ్యాడు. విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్ అయ్యాడంటే, అప్పటికే బీజింగ్ ఒలింపిక్ పతకం, హర్యానా పోలీసులో ఉద్యోగం ఉన్నాయి. చేతిలో ఏమీ లేకుండా ఆ బజారుకు పోయినవాడికి ధర ఎవరు కడతారు?

కనుక ఆదివారం నేను అడగబోయేవి ఇవి. కోచ్‌కు రాష్ట్ర సంఘం సర్టిఫికెట్ ఉండాలి. తలగార్డు, పళ్ళగార్డు లేనిదే ఎదురెదురు దెబ్బలు వద్దు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి డాక్టరు సరే అనేదాకా మేడ ఎక్కనివ్వకూడదు. ఆడపిల్లలకు వేరే సమయం కాదు, అదే సమయంలో చోటు కావాలి. నారళీ పున్నమి రథం రోజు డబ్బు పెట్టి పోటీలు కడతామని ఎవరో రాశారు, దానికి మాత్రం నేను చేయి ఎత్తను. గార్డులకు మొదటి వెయ్యి రూపాయలు నా పెన్షన్ నుంచి ఇస్తాను. కోశాధికారి గారు రసీదు పుస్తకం తేవాలి.

చాయ్ దగ్గర అడిగిన పిల్లవాడా, నువ్వు ఈ గ్రూపులో లేవని తెలుసు. మీ నాన్న ఉన్నాడు. పదో తరగతి మార్కుల కాగితం తీసుకుని సాయంత్రం మా ఇంటికి రా. స్పోర్ట్స్ కోటా ఫారం ఎలా నింపాలో చూపిస్తాను.